ఏడడుగుల కాలువ

మా వీధి ఆటల పోటీకి ఏప్రిల్ మూడో ఆదివారం అన్నివిధాలా మంచిరోజని కమిటీలో బల్లగుద్ది చెప్పాను. గుద్దడానికి బల్ల లేదు కాబట్టి పక్కనున్న చిట్టియ్య వీపు మీద గుద్దాను. చిట్టియ్యది మా వీధి మొదట్లో సైకిల్ షాపు. ఎవరు గుద్దినా టైరు పేలినట్టు ఉలిక్కిపడతాడు.

"కానండీ అచ్చిబాబు గారూ, పదిహేనో తారీఖున కాలువలు కట్టేస్తారు కదండీ?" అన్నాడు వీపు తడుముకుంటూ.

"అందుకేనయ్యా ఆ ఆదివారం అంటున్నది! పారే నీళ్లలో ఎవరైనా కొట్టుకుపోతే పూచీ ఎవరిది? మనదే కదా. కాలువ కట్టేశారనుకో, ప్రవాహం ఆగిపోతుంది. నిలవ నీళ్లు, నిదానం నీళ్లు. కాలువంతా మనకి స్విమ్మింగ్ పూలే!" అన్నాను.

మా అధ్యక్షులు రమేష్ బాబు గారు రిటైరైన డ్రిల్లు మాస్టారు. ఈల మెడలో వేసుకుని పుట్టారని వీధిలో చెప్పుకుంటారు. ఆయన కళ్లు చెమర్చాయి. "పదిమంది భద్రత గురించి ఇంతగా ఆలోచించేది మీరొక్కరేనండీ!" అన్నారు.

భద్రత గురించి ఆలోచించిన మాట నిజం. పదిమంది అన్నది మాత్రం ఆయన కల్పన. నేను ఒక్కడి గురించే ఆలోచించాను. ఆ ఒక్కడు నేనే.

మా డెల్టాలో ఏటా ఏప్రిల్ నడిమికల్లా పైన ఆనకట్ట దగ్గర తలుపులు దించి కాలువలకు నీళ్లు ఆపేస్తారు. దాళ్వా పంట చేతికొచ్చే వేళ అది. మళ్లీ జూన్ దాకా కాలువ ఖాళీ. పైగా మాది కడియం. కాలువకు రెండు పక్కలా నర్సరీలు. నీళ్లు ఆగిపోతాయనగానే ప్రతివాడూ మోటారు వేసి గుంటలు నింపుకుంటాడు. మూడోరోజుకి మోకాలి లోతు, నాలుగోరోజుకి చీలమండలు. ఆదివారం నాటికి మా కాలువలో ఈదాలంటే కప్ప కూడా కాళ్లు ముడుచుకోవాలి. అప్పుడు ఈత రద్దు. సైకిలు, పరుగు మాత్రం ముద్దు. ఇదీ నా పథకం.

ఎందుకింత పథకం అంటారా? మీరు మనవాళ్లు కాబట్టి గొంతు తగ్గించి చెబుతున్నాను. నాకు ఈత రాదు. కోత వచ్చు.

ఆ కోతలు కోసింది మామూలు చోట కాదు, పెళ్లిచూపుల్లో. మా అత్తవారి ఊరు కాలువ శివారున ఉంది. ఆ ఊళ్లో పిల్లలు నడక కన్నా ముందు ఈత నేర్చుకుంటారు. ఇరవై మూడేళ్ల క్రితం మా మావగారు మీసం సవరించుకుంటూ, "ఈతొచ్చా బాబూ?" అని అడిగారు. తలుపు చాటున మాణిక్యాంబ పట్టుచీర అంచు కనబడుతోంది. ఆ అంచు చూసి నా నాలుక అంచు దాటింది. "ధవళేశ్వరం నుంచి బొబ్బర్లంకకి గోదావరి అడ్డంగా ఈదానండి. వరదల్లో," అన్నాను. అడగకపోయినా వరద కూడా కలిపాను. 'వెనక్కి కూడా ఈదుకుంటూనే వచ్చా' అనబోతుంటే మైసూర్‌పాకు నోటికి అడ్డం వచ్చి రక్షించింది.

ఆ రోజు నుంచీ నీళ్లతో నా సంబంధం నీళ్లు నమలడం వరకే. కార్తీక స్నానాలకి వెళితే ఎడమ చెవి పోటు. అత్తవారింటి రేవులో కుడి చెవి పోటు. రెండు చెవులూ వంతులు వేసుకుని నా కాపురం నిలబెట్టాయి.

మరి ఈతా సైకిలూ పరుగూ కలిపిన ట్రయథ్లాన్‌లో నీకేం పనిరా అని మీరడగాలి. అడగండి. మా వీధిలో పొద్దున్నే నడిచే బ్యాచ్ ఒకటుంది. నడకకన్నా కబుర్లూ, కబుర్లకన్నా చివర్లో తినే పెసరట్టూ ముఖ్యం. రెండేళ్ల కిందట రమేష్ బాబు గారు దాన్ని క్రీడా సంఘం చేసేశారు. మొదటి రెండేళ్లూ ఈత పోటీ రాజమండ్రిలో ఒక కొలనులో పెట్టారు. లోతు నాలుగడుగులు. నేను అయిదడుగుల అయిదంగుళాలు. కాళ్లు అడుగున నడిపిస్తూ పైన చేతులు తెడ్ల లాగా తిప్పాను. అటునుంచి ఇటు, ఇటునుంచి అటు, పొలానికి వెళ్లొచ్చినట్టు నడిచొచ్చేశాను. రెండేళ్లూ పతకం! సైకిలు తొక్కుతుంటే వీధి వీధంతా అరుగుల మీదికొచ్చి మజ్జిగ గ్లాసులు అందించింది. పరుగెడుతుంటే ఎదురొచ్చిన ప్రతివాడూ "ఆగండి గురువుగారూ, ఫొటో!" అన్నాడు. నేను చేసేది నర్సరీలో మొక్కలకి పేరుబిళ్లలు రాసే గుమాస్తా ఉద్యోగం. రోజూ వేల మొక్కలకి బారసాల చేసేవాడికి తన పేరు మైకులో వినబడితే ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి.

ఈ ఏడు ఆ కొలను రిపేరన్నారు. ఈత మన కాలువలోనే అన్నారు. 

అయినా తారీఖు కుదిర్చాను కదా! తేలిక పడ్డ గుండెతో ఇంటికెళ్లి, "మాణిక్యం, పెసరట్టు వెయ్యి!" అన్నాను.

పెనం మీద మా ఆవిడ, పీట మీద మా బావమరిది దుర్గాసాయి కనబడ్డారు. అంటే పెనం ముందు మా ఆవిడ అని. కంగారులో అలా వచ్చింది.

"బావగారూ, మీరే కాపాడాలి," అన్నాడు దుర్గాసాయి లేచి నిలబడి.

వాడికి శివారులో మూడెకరాలు. ఈసారి నీళ్లు ఆలస్యంగా చేరి, నాట్లు ఆలస్యమై, ఊళ్లో అందరి వరీ ఇప్పుడే పొట్టకొచ్చింది. పదిహేనున కాలువ కట్టేస్తే గింజ పాలు పోసుకోదు, పంట మొత్తం తాలే.

"నెలాఖరు దాకా కట్టొద్దని ఇంజనీరు గారికి అర్జీ పెట్టుకుందామని ఊరంతా అనుకున్నామండి. మీరు రాస్తే బాగుంటుందని అక్క చెప్పింది," అన్నాడు.

"ఎవరు చెప్పారు?"

"నేనే," అంది మా ఆవిడ అట్టు తిరగేస్తూ. "వీధిలో అందరికీ రాస్తారు కదా. మా తమ్ముడికి చెయ్యి నొప్పా?"

 కాలువ నెలాఖరు దాకా పారితే ఆదివారం నాటికి నిండు కాలువ. నిండు కాలువలో నేను. నిండు నూరేళ్లూ ఆ ఆదివారమే నిండుతాయి.

రాయనంటే మా ఆవిడ ఎందుకు రాయరని అడుగుతుంది. నిజంగా అడుగుతుంది. ఎదురుగా దుర్గాసాయి కళ్లలో మూడెకరాలు తడిగా మెరుస్తున్నాయి. వాడి ముందు కాదనడానికి నాకు మనసొప్పలేదు, ఔననడానికి ప్రాణమొప్పలేదు.

అంతలో ఒక సంగతి గుర్తొచ్చి ఊపిరందింది. నేను ఇప్పటిదాకా రాసిన అర్జీలు అరవై పైన. వీధి దీపానికీ, మురుగు కాలువకీ, కోతులకీ రాశాను. ఒక్కటి కూడా ఫలించలేదు. కోతుల మీద రాసిన అర్జీ తర్వాత కోతులు పెరిగాయి. పైగా, చెడగొట్టి రాస్తే ఎవరాపుతారు?

"కాగితం తే," అన్నాను వీరుడిలా.

సర్కారు అర్జీకి ఒక పద్ధతుంటుంది. పొడి మాటలు, సర్వే నంబర్లు, కింద సంతకాలు. నేను ఆ పద్ధతికి నిప్పెట్టాను. 'జలరాయలు ఇంజనీరు గారికి' అని మొదలెట్టాను. 'అయ్యా, మా శివారు వరి ఇప్పుడు పొట్టతో ఉంది. నెలలు నిండిన ఆడకూతురు గుమ్మంలో నిలబడి మంచినీళ్లడిగితే, పదిహేనో తారీఖు దాటిందమ్మా అని తలుపేసే ఇల్లు గోదావరి జిల్లాలో ఉందా అండి? తమరు కాలువ కడితే మా కడుపు కట్టినట్టే. తమరు నీళ్లు వదిలితే మేము కన్నీళ్లు వదలం' అని రాసుకుంటూ పోయాను. సర్వే నంబరు ఒక్కటి రాయలేదు. ఇంత చవకబారు అర్జీ చూసి ఏ ఆఫీసరైనా ఉండ చుట్టి బుట్టలో పడేయాలి.

దుర్గాసాయి చదివి కళ్లు తుడుచుకున్నాడు. మా ఆవిడ చదివి నా వైపు చూసింది. ఒక్క క్షణం ఎక్కువే చూసింది.

"బాగా రాశారు," అంది.

ఆ 'బాగా'లో ఏదో బాగాలేదనిపించింది కానీ, అట్టు చల్లారిపోతోందని వదిలేశాను.

ఏప్రిల్ పదిహేను వచ్చింది. పొద్దున్నే లాకుల దగ్గరికెళ్లాను. గోడ మీద నీళ్ల లోతు చెప్పే అడుగుల గీతలుంటాయి. అయిదున్నర. సరే, ఇవాళేగా కట్టేది. పదహారున వెళ్లాను. అయిదున్నర. నీళ్లకి ఆజ్ఞ అందడానికి టైము పడుతుందనుకున్నాను. పదిహేడున వెళ్లాను. ఆరు.

కళ్లద్దాలు తుడిచి చూశాను. ఆరుకి పైన ఒక ఎండుటాకు తేలుతోంది. అది నాకన్నా ధైర్యంగా కనబడింది.

ఇంటికొచ్చేసరికి గుమ్మంలో దుర్గాసాయి, చేతిలో అరటి గెల, వెనకాల ఊరివాళ్లు నలుగురు.

"బావగారూ! శాంక్షనైపోయిందండి! నెలాఖరు దాకా నీళ్లు!"

నేను గుమ్మం పట్టుకున్నాను.

"ఇంజనీరు గారు మీ అర్జీ ముందు నవ్వుతూ మొదలెట్టారంటండి. ఆడకూతురు మాట దగ్గరికొచ్చేసరికి ఆగిపోయారంట. ఆయన కూతురు పురిటికి ఇంటికొచ్చి ఉందంటండి! స్టాఫందర్నీ పిలిచి చదివి వినిపించి, అక్కడే సంతకం పెట్టేశారంటండి. శివారు దాకా చేరాలంటే పైన నిండుగా వదలాలని రేపటికి ఏడడుగులు చెయ్యమన్నారంటండి!"

"ఏడా?"

"ఏడండి! మీ చలవే!"

నా ఒళ్లంతా చలవే. చెమట చల్లగా కారింది. పెళ్లినాడు వాళ్లక్కతో నడిచిందీ ఏడడుగులే, ఇప్పుడు వాడు వదిలించిందీ ఏడడుగులే. మొదటి ఏడడుగుల్లో ములిగినవాణ్ణి తేలనే లేదు, రెండో ఏడడుగులు సిద్ధం. వాళ్లు కాలువకి నీళ్లు వదిలారు, నేను ప్రాణానికి నీళ్లు వదులుకున్నాను.

"ఆదివారం మీ ఈత చూడ్డానికి ట్రాక్టరు కట్టుకుని ఊరంతా వస్తున్నామండి. అమ్మ కూడా!" అన్నాడు దుర్గాసాయి. అమ్మ అంటే మా అత్తగారు లోవమ్మ గారు.

ఆ మధ్యాహ్నానికి వీధి మొగలో ఫ్లెక్సీ వెలిసింది. 'గోదావరిని అడ్డంగా ఈదిన గజ ఈతగాడు శ్రీ అచ్చిబాబు గారికి స్వాగతం.' గజ ఈతగాడంటే ఆరితేరినవాడని లోకం అర్థం. నా విషయంలో గజం దూరం ఈదితే గొప్పని అర్థం. ఫ్లెక్సీలో నా ఫొటోకి ఎవరో అభిమానంతో దండ కూడా వేశారు. దండ ఉన్న ఫొటో కింద జననం, మరణం తేదీలు కూడా వేశారేమోనని వెతికాను.

ఇక తప్పించుకోవడం ఒక్కటే దారి. శుక్రవారం చంకలో ఉల్లిపాయ పెట్టుకుని పడుకున్నాను.

"ఏవండీ, ఒళ్లు కాలిపోతోందన్నారు?"

"అవును మాణిక్యం, జ్వరం."

"మరి పులుసులోకి పెట్టుకున్న ఉల్లిపాయ మీ దగ్గర పడుకుందేం? దానికీ జ్వరమా?"

శనివారం చెవి అందుకున్నాను. "ఎడమ చెవి పోటే. లోపల సముద్రం హోరు."

"పోయినసారి కూడా ఎడమే. ఈసారి కుడి చెవి వంతు కదండీ?" అంది.  అంతలోనే వేడిచేసిన వెల్లుల్లి నూనె, దూది తెచ్చి రెండు చెవుల్లోనూ బిగించేసింది. "ఇంక గోదారి మొత్తం పోసినా చుక్క దిగదు. హాయిగా ఈదండి."

రెండు చెవులూ మూసుకుపోయాక భయం బయటికి పోవడానికి దారిలేక లోపలే తిరిగింది.

ఆఖరి ఆశగా అబ్బులు దగ్గరికి పరుగెత్తాను. అబ్బులు కాలువలో చేపలు పట్టే మనిషి. పోటీలో ఎవరైనా ములిగితే తియ్యడానికి అతని పడవనే పెట్టుకున్నాం. నూనె దూది తీసి జేబులో పెట్టుకుని, రేవు పక్కన నిలబడి విషయం విప్పాను.

"అబ్బులూ, నీ వల తాడుంది చూడు, సన్నటి నైలాను తాడు. ఒక కొస నా నడుముకి, చొక్కా లోపల. రెండో కొస నీ పడవకి. నేను చేతులాడిస్తాను, నువ్వు లాగేసెయ్. నాలుగువందల మీటర్లు. మూడో కంటికి తెలియకూడదు."

"ఆయ్! అలాగేనండి బాబుగారూ," అన్నాడు అబ్బులు ఏమాత్రం ఆశ్చర్యపోకుండా. ఆ ఆశ్చర్యపోకపోవడం నాకు నచ్చలేదు.

"నీకు నవ్వు రావట్లేదా?"

"పట్టిన చేపని చూసి నవ్వితే పాపమండి," అన్నాడు.

ఆదివారం తెల్లారింది. నా మొహం తెల్లబోయింది.

రేవంతా జనం. ట్రాక్టరు దిగిన శివారు జనం ఈలలు. నర్సరీలవాళ్లు మెట్ల పొడుగునా బంతిపూల కుండీలు పేర్చారు. పోటీలో తొమ్మిదిమంది, నేను పదో నంబరు. నా చేతి మీద రమేష్ బాబు గారు స్కెచ్ పెన్నుతో '10' అని రాస్తుంటే పోస్ట్‌మార్టంకి పంపేవాడికి నంబరేసినట్టనిపించింది. కాలువ నిండుగా, ఎర్రగా, చప్పుడు లేకుండా పారుతోంది. చప్పుడు చేసే నీళ్లు నయం, ఎక్కడున్నాయో తెలుస్తుంది. ఇది మా ఆవిడలా నవ్వుతూ పోతోంది.

చొక్కా కింద నైలాను తాడు. తాడు కొస నీళ్లలోంచి అబ్బులు పడవకి. నేను రెండో మెట్టు మీద నిలబడ్డాను. మెట్టుకి వెనకటి రోజుల్లో పడవలు కట్టే ఇనప కడియం ఒకటుంది. కడియంలో పుట్టి ఇన్నాళ్లూ ఆ కడియాన్ని నేనెప్పుడూ పట్టించుకోలేదు. అప్పుడు మాత్రం దాన్ని చూస్తే తోబుట్టువులా అనిపించింది.

ఈల ఇంకా ఊదలేదు. అవతలి గట్టు మీంచి ఎవరో అరిచారు, "అబ్బులూ! గుర్రపుడెక్క అడ్డం వస్తోంది, ముందుకెళ్లి తప్పించు!" అని.

"ఆయ్!" అన్నాడు అబ్బులు. గెడ ఒక్క పోటు పొడిచాడు. పడవ కదిలింది.

నేనూ కదిలాను.

రెండో మెట్టు మీంచి మూడో మెట్టుకి, మూడో మెట్టు మీంచి నాలుగుకి. నీళ్లు మోకాలు దాటాయి. "అబ్బులూ! ఆపు!" అని అరిచాను. అతను వినలేదు. చటుక్కున కూలబడి రెండు చేతులతో ఇనప కడియం వాటేసుకున్నాను. పడవ ఒక పక్కకి, కడియం ఒక పక్కకి, మధ్యలో నేను వడియాల పిండిలా సాగుతున్నాను. బంతిపూల కుండీలు రెండు నా కాలు తగిలి కాలువలోకి దూకాయి. అవి కూడా నాకన్నా ముందే దూకాయి.

"అచ్చిబాబు గారు వార్మప్ చేస్తున్నారు! చప్పట్లు!" అన్నారు మైకులో రమేష్ బాబు గారు.

శివారు జనం చప్పట్లు కొట్టారు. తాడు ఇంకో అంగుళం బిగిసింది. నా వేళ్లు ఒక్కొక్కటీ రాజీనామా ఇస్తున్నాయి. ఆ క్షణంలో రెండు భయాలు తూకంలో పడ్డాయి. ఒక పక్క ఇరవై మూడేళ్లు దాచిన అబద్ధం, ఇంకో పక్క ఏడడుగుల నిజం. నీళ్ల పక్కకి మొగ్గింది.

"నాకు ఈత రాదు బాబోయ్!" అని అరిచాను. "ధవళేశ్వరమూ లేదు, బొబ్బర్లంకా లేదు! వరద అంతకన్నా లేదు! నాకు ఈత రాదు! ఎవరైనా తాడు కొయ్యండి!"

రేవు మొత్తం మెట్ల అంచుకొచ్చి నా వైపు వంగింది. 

ఇరవై మూడేళ్ల పరువు, కుండీలతో పాటు కొట్టుకుపోయిందనుకుని కళ్లు మూసుకున్నాను.

"ఆ సంగతి మాకు తెలుసు కదా అల్లుడుగారూ," అంది ఒక నింపాది గొంతు. మా అత్తగారు లోవమ్మ గారు మెట్టు మీద పీట వేసుకుని కూర్చుని ఉన్నారు.

"తె... తెలుసా?"

"పెళ్లిచూపుల రోజునే. మీ మావగారు కాళ్లు కడుక్కోమని రేవుకి తీసుకెళితే, మీరు పై మెట్టు మీదే నిలబడి 'చెంబుందా అండి' అని అడిగారు. ఎదురుగా కాలువ పారుతుంటే చెంబడిగినవాడు గోదారి ఈదాడంటే మేమేం చిన్నపిల్లలమా బాబూ?"

శివారు జనం తలలూపారు. వాళ్లందరికీ తెలుసట. ఆ ఊళ్లో నా పేరు అచ్చిబాబు కాదట, చెంబుబాబట. ఇరవై మూడేళ్లుగా!

ఎవరో నా నడుం దగ్గర తాడు ముడి విప్పారు. చూస్తే మా ఆవిడ. పంజాబీ డ్రస్సు, తలకి టోపీ, కళ్లకి ఈత అద్దాలు. ఆవిడ చేతి మీద కూడా '10' అని రాసుంది.

"మాణిక్యం, ఇదేంటి?"

"కుటుంబ జట్టు," అంది. "ఈత నేను, సైకిలు మీరు, పరుగు మా తమ్ముడు. వారం కిందటే పేర్లిచ్చాను. రమేష్ బాబు గారిని అడగండి."

రమేష్ బాబు గారు ఈల నోట్లో పెట్టుకుని నేల చూశారు.

"అయితే ఈ వారం రోజులూ నేను చచ్చి బతికిందంతా...?"

"ఇరవై మూడేళ్లు అబద్ధం మోశారు. ఒక్క వారం నిజం మొయ్యలేరా?" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "కాలువ కట్టాక ఆదివారం పోటీ అన్నప్పుడే అర్థమైందండీ. మీ భయం కోసం తారీఖు మార్చుకుంటే నాకేం బాధ లేదు. కానీ అదే తారీఖు మా వాళ్ల చేలకి ఉరి. అందుకే అర్జీ మీ చేతే రాయించా."

"అంత తెలిసీ పెళ్లెందుకు చేసుకున్నావు?" అన్నాను.

"ఆ రోజు వరద అంటుంటే మీ చేతిలో మైసూర్‌పాకు వణికింది. అబద్ధమాడ్డం కూడా సరిగా రాని మనిషైతే నా బతుక్కి బెంగ లేదనుకున్నా. ఇక ఈ తాడు పట్టుకోండి. ఈల ఊదుతారు."

ఈల మోగింది. మా ఆవిడ దూకింది.

ఇంతవరకూ నా భయం గురించి చెప్పాను. అది భయమే కాదు. ఆ టోపీ నీళ్లలోకి వెళ్లి పైకి రాకపోయిన నాలుగు క్షణాలు, అదీ భయమంటే. "మాణిక్యం!" అని అరుస్తూ గట్టు వెంట పరుగెత్తాను. తొమ్మిదిమంది చేతుల మధ్య ఎర్ర టోపీ ఎక్కడో తేలింది. ఆవిడ ఈదుతోంది. గరిటె తిప్పినంత తేలిగ్గా, తల ఎత్తి, చిన్నప్పటి ఈత. నేను గట్టు మీద, ఆవిడ నీళ్లలో. ఆయాసం మాత్రం నాకే.

"పైకి చూడు! అటు గుర్రపుడెక్క! ఇటు పడవ! జాగ్రత్త!"

"మీరు... ముందు... కింద చూసి... పరుగెత్తండి!" అంది నీళ్లలోంచి. చూశాను. ఇంకో అడుగు వేస్తే నేనే కాలువలో ఉందును.

మూడోదిగా గట్టెక్కింది. తడిచేత్తో మా జట్టు పసుపు గుడ్డ నా మణికట్టుకి కట్టింది. మెడలో తాళి కట్టింది నేనైనా, ఈ ముడే గట్టిగా పడ్డట్టనిపించింది. సైకిలెక్కాను. వేమగిరి గట్టు వెంట ఇరవై కిలోమీటర్లు వణుకుతూనే తొక్కాను. ప్రతి అరుగు మీంచీ మజ్జిగ అందించినవాళ్లు, "చెంబు కావాలా అచ్చిబాబు గారూ?" అని అడిగారు. నాకన్నా ముందే ఆ వార్త ఇరవై కిలోమీటర్లూ తిరిగొచ్చేసింది. దుర్గాసాయి పరుగెడుతుంటే, వెనక ట్రాక్టరులో జనం వాణ్ణి తరిమినంత పని చేశారు. మొత్తానికి అయిదో స్థానం. పూర్తిచేసిన అందరికీ ఇచ్చే పతకం మా ఆవిడ మెడలో వేశారు. మైకులో నా పేరు కూడా వినబడింది, చెంబుతో కలిపి.

మంగళవారం పొద్దున్నే కబుర్ల బ్యాచ్ అంతా రేవులోనే తేలింది. నేనూ తేలాను. నడుముకి రెండు ఎండు కొబ్బరికాయలు తాడుతో కట్టుకుని, రెండు చేతులా ఇనప కడియం పట్టుకుని, మెట్లు వదలకుండా కాళ్లు కొడుతున్నాను. మెట్టు మీద మా ఆవిడ, పక్కన పడవలో అబ్బులు, గట్టు మీద చిట్టియ్య.

"కడియం వదలండి," అంది మా ఆవిడ.

"రేపు."

"నిన్న కూడా రేపన్నారు."

"నిన్న ముహూర్తం బాలేదు. అయినా వారం పదిరోజులేగా! నెలాఖరున కాలువ కట్టేస్తారు. జూన్ దాకా నాకు సెలవు," అన్నాను. నీళ్లలోకి దిగాక మొదటిసారి హాయిగా నవ్వాను.

మా ఆవిడ మెట్టు దిగి నా పక్కన కూర్చుంది. కొంగు ముడి విప్పి తెల్ల కాగితం, పెన్నూ తీసింది.

"తమ్ముడు పొద్దున ఫోన్ చేశాడు. గింజ ఇంకా పాల మీదే ఉందట. ఇంకో పదిరోజులు నీళ్లు కావాలట. అర్జీ రాయాలి."

నవ్వు ఆగిపోయింది. "రాస్తాను. బాగా రాస్తాను. సర్వే నంబర్లూ అన్నీ పెట్టి, పద్ధతిగా..."

"అక్కర్లేదు," అంది పెన్ను మూత తీస్తూ. "పోయినసారి చెడగొట్టడానికి రాశారు చూడండి, అలాగే రాయండి. మీరు మనస్ఫూర్తిగా చెడగొడితేనే పనవుతోంది."

అబ్బులు తల పక్కకి తిప్పుకున్నాడు. పాపమనుకున్నాడేమో.

కడియం వదిలితే తప్ప పెన్ను పట్టుకోలేను. వదిలాను. కొబ్బరికాయలు నన్ను తేల్చాయి. మెట్టు అంచున కాగితం పెట్టి 'జలరాయలు ఇంజనీరు గారికి' అని మొదలెట్టాను. అక్షరాలు కొంచెం అలుక్కుపోయాయి. అది కాలువ నీళ్ల వల్లేనని మీ అందరికీ మనవి.